నిటారు కొండల్లో బ్యాక్‌కంట్రీ స్కీయింగ్

రిసార్టు హద్దులు దాటిన మంచుకొండల్లో చేసే స్కీయింగును బ్యాక్‌కంట్రీ స్కీయింగ్ అంటారు. అక్కడ లిఫ్టు ఉండదు, యంత్రంతో చదును చేసిన దారి ఉండదు, తెల్లవారుజామునే పేలుడుమందు పెట్టి ప్రమాదకరమైన మంచును ముందే పడగొట్టే గస్తీ సిబ్బంది ఉండరు. స్కీయరు తన కాళ్లతోనే కొండెక్కి, ఎవరూ తొక్కని మంచు మీద కిందికి జారి వస్తాడు. ఐరోపాలో దీన్ని స్కీ టూరింగ్ అంటారు. దారిలో తాడు, ఐసు గొడ్డలి, బూట్లకు కట్టుకునే ఇనుప ముళ్లు కూడా కావాల్సివస్తే అది స్కీ మౌంటెనీరింగ్. నాలుగు గంటలు ఎక్కితే దిగడం అరగంటలో అయిపోతుంది. ఈ లెక్క గిట్టుబాటు కాదనుకునేవాళ్లు రిసార్టులోనే ఉండిపోతారు.

ఇది ఎక్కువగా స్నేహితుల ఆట. ముగ్గురు నలుగురు కలిసి వెళ్లడం రివాజు. అందుకు సరదా ఒక్కటే కారణం కాదు. మంచుచరియ కింద కూరుకుపోయిన మనిషిని ప్రాణాలతో బయటికి తీయగలిగేది ఆ క్షణాన దగ్గర ఉన్నవాళ్లే. హెలికాప్టరు వచ్చేసరికి చాలావరకు సమయం మించిపోతుంది. అయితే ప్రమాదాల నివేదికలు తిరగేస్తే, ఆ మనిషిని ఆ వాలు మీదికి నడిపించిందీ చాలాసార్లు ఆ దగ్గరివాళ్లేనని తెలుస్తుంది. కాళ్ల నైపుణ్యం, మంచు శాస్త్రం, పరికరాలు ఎన్ని చెప్పుకున్నా, జట్టు సంగతి చెప్పకుండా ఈ క్రీడ అర్థం కాదు.

పుట్టుక, పెరుగుదల

లిఫ్టులు రాకముందు స్కీయింగ్ అంతా బ్యాక్‌కంట్రీయే. నార్వేలోని టెలిమార్క్ ప్రాంతంలో సోండ్రె నోర్‌హైమ్ వంటివాళ్లు 19వ శతాబ్దంలో మడమను పట్టి ఉంచే కట్టు, మలుపు తిప్పే పద్ధతి మెరుగుపరిచారు. 1888లో ఫ్రిట్యోఫ్ నాన్సెన్ స్కీల మీద గ్రీన్‌లాండ్‌ను అడ్డంగా దాటాడు. ఆయన రాసిన పుస్తకం మధ్య ఐరోపాలో స్కీల పిచ్చి పుట్టించింది. 1897లో జర్మన్ భూగర్భ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ పౌల్కే సహచరులతో కలిసి స్విట్జర్లాండ్‌లోని బెర్నీస్ ఓబర్‌లాండ్ హిమానీనదాలను స్కీల మీద దాటాడు. నార్వే పద్ధతి ఆల్ప్స్ వాలులకు సరిపోదని గ్రహించి పొట్టి స్కీలు, గట్టి కట్లు తయారుచేసినవాడు ఆస్ట్రియాకు చెందిన మథియాస్ జ్దార్‌స్కీ. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకు శిక్షణ ఇస్తూ 1916లో ఆయనే మంచుచరియలో చిక్కి, ఒంట్లో పదుల చోట్ల ఎముకలు విరిగి బతికి బయటపడ్డాడు.

ఫ్రాన్సులోని షామొనీ నుంచి స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ దాకా సాగే ‘ఓత్ రూట్’ ఈ క్రీడకు తీర్థయాత్ర లాంటిది. 1860లలో కాలినడకన తెరుచుకున్న ఈ దారిని 1911లో స్కీల మీద పూర్తిచేశారు. ఇప్పటికీ కొండ గుడిసెల్లో రాత్రులు గడుపుతూ వారం రోజుల్లో దీన్ని దాటే జట్లు ప్రతి వసంతంలోనూ కనిపిస్తాయి. 2018 ఏప్రిల్ చివర్లో ఇదే దారిలో పిన్య దారోలా దగ్గర తుఫానులో దారి తప్పిన స్కీయర్లు గుడిసెకు కొద్ది దూరంలోనే రాత్రంతా చలిలో చిక్కుకోగా ఏడుగురు చనిపోయారు. అక్కడ చరియ విరిగిపడలేదు. గాలి, చలి చాలాయి.

నిటారు వాలుల మీద స్కీయింగును ఒక ప్రత్యేక విద్యగా నిలబెట్టినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన గైడు సిల్వాఁ సొదాఁ. షామొనీ సూదికొండల్లో బ్లెతియేర్ మీద స్పెన్సర్ కూలువార్‌ను 1967 సెప్టెంబరులో ఆయన స్కీలతో దిగాడు. రెండు రాతిగోడల మధ్య నిట్టనిలువుగా పడే ఇరుకు మంచుకాలువను కూలువార్ అంటారు. అంతదాకా పర్వతారోహకులు గొడ్డలి కొట్టుకుంటూ ఎక్కే చోటు అది. తర్వాత 1970లో ఐగర్ పశ్చిమ ముఖం, 1977లో లడఖ్ సరిహద్దులోని 7,135 మీటర్ల నున్ శిఖరం, 1982లో కారకోరంలోని గాషెర్‌బ్రుమ్-1 దిగి, తర్వాతి ఏళ్లలో కశ్మీర్‌లో హెలికాప్టరు స్కీయింగ్ నడిపాడు. ఆయన వెనక పాట్రిక్ వలాన్సాఁ, అన్సెల్మ్ బో, జాఁ-మార్క్ బొవాఁ వంటి ఫ్రెంచివాళ్లు ఆ బాట పట్టారు.

అమెరికాలో ఇలాంటి ఘట్టం 1971 జూన్‌లో వచ్చింది. పుట్టుకతోనే తుంటి కీలు సరిగా లేక, శస్త్రచికిత్సతో దాన్ని అతికించుకున్న బిల్ బ్రిగ్స్ అనే గైడు వయోమింగ్‌లోని గ్రాండ్ టీటన్ శిఖరం నుంచి స్కీలతో దిగాడు. తోడు వచ్చినవాళ్లు కిందే ఆగిపోగా ఆఖరి భాగం ఒంటరిగా ఎక్కాడు. ఊళ్లో నమ్మలేదు. మర్నాడు స్థానిక పత్రికవాళ్లు విమానమెక్కి, శిఖరం మీద ఆయన స్కీల గీతలను ఫొటో తీశాకే నమ్మారు. 2000 అక్టోబరులో స్లొవేనియా వాడు దావో కార్నిచార్ ఎవరెస్టు కొస నుంచి బేస్‌క్యాంప్ దాకా స్కీలు విప్పకుండా వచ్చాడు. 2018 జూలైలో పోలండ్ యువకుడు ఆంజే బార్గియెల్ కె-2 దిగాడు. పైనుంచి ఆయనకు దారి చూపేందుకు సోదరుడు డ్రోన్ ఎగరేశాడు. ఏకాకి సాహసంగా ప్రచారమైన దిగుడులో కూడా తోడు చేయి ఒకటుంది.

వాలు, మంచు

రిసార్టుల్లో కష్టమైనవిగా గుర్తుపెట్టే నల్లరంగు దారులు చాలావరకు 25 నుంచి 40 డిగ్రీల లోపు ఉంటాయి. బ్యాక్‌కంట్రీలో 40 డిగ్రీలు దాటితే ‘నిటారు’ అంటారు, 50 దాటిన చోట పడితే ఆగే అవకాశం దాదాపు ఉండదు. అలాంటి చోట్లను స్కీయర్లు ‘నో-ఫాల్ జోన్’ అని పిలుచుకుంటారు. ఫ్రెంచి మార్గదర్శక పుస్తకాలు కష్టాన్ని ఒకటి నుంచి ఐదు దాకా, పడితే ఎదురయ్యే ముప్పును విడిగా ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలతో సూచిస్తాయి. రెండూ వేర్వేరుగా ఇవ్వడం తెలివైన పని. సులువైన వాలు కింద నిట్టనిలువు రాతి అంచు ఉంటే అది సులువైన వాలు కాదు.

ఇక్కడే ఈ క్రీడలోని అసలు చిక్కు ఉంది. పలకలుగా విరిగే మంచుచరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద, అందులోనూ 38 డిగ్రీల చుట్టుపక్కల పుడతాయి. స్కీయింగుకు మహా ఇష్టమైన వాలులూ అవే. అంతకన్నా నిటారైన చోట మంచు నిలవకుండా చిన్నచిన్నగా రాలిపోతూ ఉంటుంది. 30 కన్నా తక్కువైతే అరుదుగా తప్ప కదలదు. కాబట్టి ఆనందాన్నీ ప్రమాదాన్నీ కొలతల్లో విడదీసే వీలు లేదు.

చరియ విరగడానికి కారణం పైనున్న మంచు బరువొక్కటే కాదు. కొత్త మంచు, గాలి తెచ్చి పోసిన మంచు గట్టిపడి పలకలా తయారవుతుంది. దాని కింద ఒక బలహీనమైన పొర దాగి ఉంటుంది. నేల దగ్గర వెచ్చగా, పైన బాగా చల్లగా ఉండి, పది సెంటీమీటర్లకు ఒక డిగ్రీకి మించి తేడా వస్తే మంచు రేణువులు అంచులు తేలిన పలుకులుగా మారి ఒకదానికొకటి అంటుకోవు; పంచదార పోసినట్టు ఉంటాయి. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రుల్లో పైపొర మీద ఈకల్లాంటి తుషారం పేరుకుంటుంది. దాని మీద కొత్త మంచు పడితే అదీ అలాంటి పొరే. స్కీయరు బరువుతో ఆ పొర కుప్పకూలినప్పుడు ‘వుంఫ్’మని గంభీరమైన శబ్దం వస్తుంది. బీట ఒక్క చోట ఆగదు, పొర వెంట వందల మీటర్లు పరుగెత్తుతుంది. ఆ శబ్దం వినపడ్డ రోజున నిటారు వాలు వైపు చూడకుండా వెనక్కి మళ్లడం నేర్చుకున్నవాడే నిజంగా చదువుకున్నవాడు. ప్రమాదకరమైన చరియల్లో పదింట తొమ్మిది దాకా బాధితుడో, అతని జట్టులోని మరొకరో కదిలించినవే.

మంచు లోపలి సంగతి తెలుసుకోవడానికి గొయ్యి తవ్వి పరీక్షిస్తారు. 2006 ప్రాంతంలో రాన్ సైమన్‌హాయిస్, కార్ల్ బర్క్‌లండ్ రూపొందించిన పరీక్షలో 90 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు ఉన్న మంచు స్తంభాన్ని కోసి, ఒక అంచున పార పెట్టి దాని మీద తడతారు. మొదట పదిసార్లు మణికట్టుతో, తర్వాత పదిసార్లు మోచేయి నుంచి, ఆపైన పదిసార్లు భుజం నుంచి. ఎన్నో దెబ్బకు విరిగిందన్న దానికంటే, బీట స్తంభం చివరిదాకా పాకిందా లేదా అన్నదే ముఖ్యం. అయితే గొయ్యి చెప్పేది ఆ గొయ్యి గురించే. ముప్పై అడుగుల అవతల పొర వేరుగా ఉండవచ్చు.

స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో 1930ల నుంచి మంచుచరియల మీద పరిశోధన జరుగుతోంది. ఐరోపా దేశాలు 1993లో ఐదు మెట్ల ప్రమాద సూచికను ఉమ్మడిగా అంగీకరించాయి. రోజూ వెలువడే బులెటిన్ ఏ ఎత్తులో, ఏ దిక్కుకు తిరిగిన వాలుల మీద ఎంత ముప్పుందో చెబుతుంది. స్విట్జర్లాండ్‌లో మరణాల్లో దాదాపు సగం మూడో మెట్టు రోజుల్లో జరుగుతాయి. నాలుగు, ఐదు చూస్తే జనం ఇంట్లో కూర్చుంటారు, మూడు చూస్తే బయల్దేరతారు. మూడంటే ఐదింటిలో మధ్యది కదా అని మనసు సర్దిచెబుతుంది. నిజానికి ఒక్కో మెట్టుకూ ముప్పు కూడికలా కాదు, రెట్లుగా పెరుగుతుంది.

ఎక్కడం, దిగడం

ఎక్కేటప్పుడు స్కీ అడుగున ‘స్కిన్’ అనే పట్టీ అతికిస్తారు. ఒకప్పుడు సీల్ చర్మం వాడేవారు, ఇప్పుడు మొహేర్, నైలాన్ నూగు. ముందుకు తోస్తే జారుతుంది, వెనక్కి జారబోతే నూగు లేచి పట్టుకుంటుంది. మడమ పైకి లేచేలా బూటును ముందుభాగంలో మాత్రమే బిగిస్తారు. దిగేటప్పుడు మడమనూ బిగించుకుంటారు. 1980లలో ఆస్ట్రియా ఇంజనీరు ఫ్రిట్స్ బార్తెల్ బూటు మునివేళ్ల దగ్గర రెండు సన్నని పిన్నులతో పట్టి ఉంచే కట్టును తయారుచేశాడు. డైనాఫిట్ సంస్థ చేతికి వచ్చిన ఆ కట్టే నేటి తేలికపాటి స్కీ టూరింగుకు పునాది. వాలు నిటారయ్యేకొద్దీ అడ్డంగా మెలికలు తిరుగుతూ, ఒక్కో మూల దగ్గర స్కీని ఎత్తి వెనక్కి తిప్పే ‘కిక్ టర్న్’తో ఎక్కుతారు. ఇంకా నిటారైతే స్కీలను వీపున కట్టుకుని బూట్లతో మెట్లు చేసుకుంటూ పోవాలి.

ఎక్కిన దారే దిగితే ఒక లాభం ఉంది: మంచు ఎలా ఉందో కాళ్లకు తెలిసిపోతుంది. వసంతంలో రాత్రి గడ్డకట్టిన పైపొర ఉదయం ఎండకు రెండు సెంటీమీటర్ల మేర మెత్తబడ్డ కాసేపే నిటారు వాలు మీద దిగడానికి అనువు. అందుకే అర్ధరాత్రి లేచి తలదీపాలతో బయల్దేరతారు. ఆలస్యమైతే అదే వాలు తడిసి కూలుతుంది. తొందరపడితే గాజులా గట్టిగా ఉండి స్కీ అంచు పట్టదు. 50 డిగ్రీల దగ్గర మలుపు నిజానికి ఒక గెంతు. ఒక కాలు మీద లేచి, గాల్లో స్కీల కొసలను కిందినుంచి రెండో పక్కకు తిప్పి, అంచుల మీద దిగి నిలవాలి. సొదాఁ తన మలుపును కారు అద్దం మీది వైపర్ కదలికతో పోల్చేవాడు. పై స్కీయరు రాల్చిన మంచు కిందివాడి మీద పడుతుంది కాబట్టి ఒకరి తర్వాత ఒకరే దిగాలి.

పార, ప్రోబ్, బీకన్

ప్రతి ఒక్కరి ఒంటి మీదా మూడు వస్తువులు ఉండాలి. బీకన్ 457 కిలోహెర్ట్జ్ తరంగాన్ని నిరంతరం పంపుతూ ఉంటుంది. ఎవరైనా కూరుకుపోతే మిగతావాళ్లు తమ బీకన్లను వెతికే స్థితికి మార్చి ఆ తరంగాన్ని పట్టుకుంటారు. మొదటి బీకన్ 1960ల చివర్లో అమెరికాలో వచ్చింది, డిజిటల్ బీకన్ 1997లో. ప్రోబ్ అంటే మడిచి పెట్టుకునే రెండున్నర మూడు మీటర్ల కర్ర. దాన్ని గుచ్చి మనిషి లోతు తేల్చుకుంటారు. మూడోది లోహపు పార. ఇది మామూలు వస్తువుగా కనిపిస్తుంది గాని సమయమంతా దాని దగ్గరే పోతుంది. ఒక మీటరు లోతున ఉన్న మనిషిని తీయాలంటే టన్నుకు పైగా మంచు ఎత్తిపోయాలి. కాబట్టి నేరుగా పైనుంచి తవ్వకుండా, కింది వాలు నుంచి V ఆకారంలో వరుసగా నిలబడి మంచును వెనక్కి తోసుకుంటూ వెళ్లడం నేర్పుతారు. సెల్‌ఫోను దగ్గరగా ఉంటే బీకన్ పనితీరు దెబ్బతింటుంది, వెతికేటప్పుడు అరమీటరు దూరాన ఉంచాలి.

ఎంత త్వరగా తీయాలన్నది 1994లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. కూరుకుపోయిన పావుగంటలోపు తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతికారు. 35 నిమిషాలకు ఆ సంఖ్య మూడుకు పడిపోయింది. తర్వాతి పరిశోధనలు ఆ పావుగంటను కూడా పది నిమిషాలకు కుదించాయి. చరియల బాధితుల్లో గణనీయమైన భాగం ఊపిరాడక కాక చెట్లకు, రాళ్లకు కొట్టుకుని చనిపోతారు. వాళ్ల విషయంలో బీకన్ చేయగలిగింది లేదు. లాగగానే ఉబ్బే గాలిసంచి మనిషిని లోతుకు కూరుకుపోకుండా చూస్తుంది. బియ్యం డబ్బాను కుదిపితే అందులోని పసుపుకొమ్ము పైకి తేలుతుందే, అదే సూత్రం. 2014లో వెలువడ్డ ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం గాలిసంచి ఉబ్బినప్పుడు మరణాలు 22 శాతం నుంచి 11కు తగ్గాయి. అయితే అయిదు సందర్భాల్లో ఒకదాంట్లో సంచి ఉబ్బనే లేదు, తాడు లాగే వ్యవధి దొరక్కపోవడం అందుకు ప్రధాన కారణం.

జట్టు

2012 ఫిబ్రవరి 19న వాషింగ్టన్ రాష్ట్రంలోని స్టీవెన్స్ పాస్ రిసార్టు వెనక, టనల్ క్రీక్ అనే లోయలోకి దాదాపు పదహారుమంది దిగడానికి సిద్ధమయ్యారు. వాళ్లలో వృత్తి స్కీయర్లు, ఆ కొండను ఏళ్లుగా ఎరిగినవాళ్లు, స్కీ పత్రికలవాళ్లు ఉన్నారు. ఆ రోజు చరియల హెచ్చరిక తీవ్రంగానే ఉంది. ఇంతమంది కలిసి దిగడం బాగోలేదని కొందరికి లోపల అనిపించింది, పైకి అనలేదు. ఇంత అనుభవజ్ఞులుండగా తాము చెప్పేదేముందనుకున్నారు. చరియ విరిగి ముగ్గురు చనిపోయారు, గాలిసంచి ఉన్న ఒకామె బతికింది. ‘న్యూయార్క్ టైమ్స్’లో జాన్ బ్రాంచ్ దీనిమీద రాసిన సుదీర్ఘ కథనం మరుసటి ఏడాది పులిట్జర్ గెలిచింది.

2013 ఏప్రిల్‌లో కొలరాడోలోని షీప్ క్రీక్ దగ్గర ఆరుగురు ఒక వాలు కింద నుంచి దాటుతూ అందరూ ఒకే చరియలో చిక్కారు, ఐదుగురు చనిపోయారు. వాళ్లు బులెటిన్ చదివారు, పరికరాలు ఉన్నాయి, ప్రమాదాన్ని తప్పించే దారే పట్టామనుకున్నారు. మధ్య దూరం పాటించారు గాని ఆ చరియ పరిమాణానికి అది చాలలేదు. వెతకడానికి బయట ఒక్కరూ మిగలలేదు. ఒకేసారి ఒకరే ప్రమాదంలో ఉండాలన్న నియమం ఎందుకు మొదటి నియమమైందో చెప్పడానికి శిక్షకులు ఇప్పటికీ ఈ ప్రమాదాన్నే ఉదాహరిస్తారు.

ఇలాంటి ప్రమాదాలు ఎందుకు జరుగుతాయో అమెరికా పరిశోధకుడు ఇయాన్ మెక్‌కామన్ 2000ల తొలినాళ్లలో వెతికాడు. 715 వినోద ప్రమాదాలను తిరగేసి చూస్తే, అజ్ఞానం ఒక్కటే కారణం కాదని తేలింది. మామూలుగా మనకు మేలు చేసే మానసిక అలవాట్లే మంచు మీద బోల్తా కొట్టిస్తున్నాయి: బాగా తెలిసిన చోటు కదా అన్న ధీమా, తోటివాళ్ల మెప్పు కోసం తాపత్రయం, అనుకున్నది పూర్తిచేయాలన్న పంతం, జట్టులో ‘పెద్ద’ అనిపించుకున్నవాడి మీద గుడ్డినమ్మకం, ఎవరో ముందే దిగేస్తారేమో అన్న ఆత్రం, చుట్టూ జనం ఉంటే వచ్చే తెగువ. వీటిలో నాయకుడి మీద గుడ్డినమ్మకమే అన్నింటికన్నా మోసకారి అని నా అభిప్రాయం. జట్టులో ఎవరో ఒకరికి అనుభవం ఉండటం నిజంగానే మంచిది. ఆ మంచితనమే మిగతావాళ్ల నోళ్లు మూయిస్తుంది.

మందు కూడా వెతికారు. స్విస్ గైడు వెర్నర్ మూంటర్ తన పద్ధతిని ‘3×3’ అన్నాడు. ఇంట్లో ప్రణాళిక వేసేటప్పుడు, కొండ పాదం చేరినప్పుడు, ఆ ఒక్క వాలు ముందు నిలబడినప్పుడు, మూడుసార్లూ మంచు, భూమి, మనుషులు అనే మూడింటినీ బేరీజు వేయాలి. దానికి ఆయన చేర్చిన లెక్క చాలా సూటిగా ఉంటుంది: ప్రమాద సూచిక రెండో మెట్టులో ఉంటే 40 డిగ్రీల లోపు, మూడో మెట్టులో 35 లోపు, నాలుగో మెట్టులో 30 లోపు ఉన్న వాలులకే పరిమితం కావాలి. ఇది కొన్ని మంచి రోజులను వదులుకునేలా చేస్తుందని విమర్శించేవాళ్లున్నారు. నిజమే. కానీ నలుగురి మధ్య వాదన మొదలైతే, ఎవరి మాటా తక్కువ కాకుండా అందరూ తలవంచగలిగేది ఒక అంకెకే.

చేతలకు వస్తే కొన్ని అలవాట్లు స్థిరపడ్డాయి. దారి మొదట్లో ఒకరి బీకన్ మరొకరు పనిచేస్తోందా అని పరీక్షిస్తారు. వెనక్కి మళ్లాల్సిన గంటను ఇంట్లోనే నిర్ణయిస్తారు. జట్టులో ఎవరైనా ఒక్కరు వద్దంటే, కారణం అడగకుండా, ఆ వాలు వదిలేస్తారు. దిగేటప్పుడు ఒకరు వెళ్తూ, చరియ అందుకోలేని చెట్ల గుంపు చాటునో, గట్టు మీదో ఆగుతారు. మిగతావాళ్లు ఆమెనో అతన్నో కళ్లార్పకుండా చూస్తారు. జట్టు ఇద్దరి కన్నా ముగ్గురు, నలుగురు అయితే మేలు. ఎనిమిదిమంది దాటితే మాట కలవదు.

ఆల్ప్స్‌లో జెర్మాట్ నుంచి వెర్బియే దాకా సాగే సైనిక పోటీ ‘పత్రూయ్ దె గ్లాసియే’ ముగ్గురేసి జట్లతోనే నడుస్తుంది. 1943లో మొదలై, 1949లో ఒక జట్టు ముగ్గురూ హిమానీనదపు బీటలో పడి చనిపోయాక ఆగిపోయి, 1984లో మళ్లీ మొదలైంది. ఒకరు వెనకబడితే అందరూ ఆగాల్సిందే. స్నేహం కాపాడడమే కాదు, ఒక్కోసారి ప్రమాదంలోకీ లాగుతుంది. రెండుసార్లు ప్రపంచ విజేత అయిన అమెరికన్ స్కీయరు డగ్ కూంబ్స్ 2006 ఏప్రిల్‌లో ఫ్రాన్సులోని లా గ్రావ్ దగ్గర, కూలువార్‌లో రాతి అంచు మీదినుంచి జారిపోయిన మిత్రుడు ఏమయ్యాడోనని చూడబోయి తనూ జారి చనిపోయాడు. ఆయన నైపుణ్యాన్ని ఎవరూ శంకించలేదు.

హిమాలయాల్లో

భారతదేశంలో ఈ క్రీడకు కేంద్రం కశ్మీర్‌లోని గుల్మార్గ్. 2,650 మీటర్ల ఎత్తున్న ఊరి నుంచి అఫర్వత్ కొండ మీద దాదాపు 3,980 మీటర్ల దాకా వెళ్లే గండోలా రెండో దశ 2005లో తెరుచుకుంది. ప్రపంచంలోని అత్యంత ఎత్తైన స్కీ గండోలాల్లో అదొకటి. పడమటి నుంచి వచ్చే వాతావరణ అలజడులు తెచ్చే మంచు ఇక్కడ చలికాలంలో మీటర్ల కొద్దీ పేరుకుంటుంది. గండోలా కింది గిన్నెలాంటి లోయను గస్తీ సిబ్బంది పేలుళ్లతో అదుపులో ఉంచుతారు. అక్కడి నుంచి కొండ అంచు వెంట నాలుగు అడుగులు అటు వేస్తే అదుపు ముగిసిపోతుంది. బాబా రేషి, తంగ్‌మార్గ్ వైపు దేవదారు అడవుల గుండా దిగి, రోడ్డు మీద టాక్సీ మాట్లాడుకుని వెనక్కి రావడం అక్కడి స్కీయర్ల వాడుక. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లే పర్యాటకులు ఎక్కువగా ఎక్కేదీ ఆ గండోలానే, కాకపోతే మంచు చూసి ఫొటోలు తీసుకుని దిగిపోతారు.

గుల్మార్గ్‌లోనే సైన్యానికి చెందిన హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ ఉంది. 2010 ఫిబ్రవరిలో ఖిలన్‌మార్గ్ దగ్గర శిక్షణలో ఉన్న సైనికుల మీద చరియ విరిగిపడి 17 మంది చనిపోయారు. హిమాలయాల్లో చరియల పరిశోధన 1969లో మనాలి కేంద్రంగా మొదలైన సంస్థ చేతిలో ఉండేది. 2020లో అది రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకు చెందిన మరో ప్రయోగశాలతో విలీనమై, చండీగఢ్ కేంద్రంగా కొత్త సంస్థ అయింది. సరిహద్దు దళాల కోసం మొదలైన ఆ హెచ్చరికలే ఇప్పుడు పర్యాటకులకూ ఆధారం. ఆల్ప్స్‌లోలా లోయలోయకూ, దిక్కుదిక్కుకూ విడమరిచి చెప్పే బులెటిన్ హిమాలయాల్లో ఇంకా అన్నిచోట్లా లేదు, కాబట్టి ఇక్కడ జట్టు తన గొయ్యి తానే తవ్వి చూసుకోవాల్సివస్తుంది. స్కీ మౌంటెనీరింగ్ మాత్రం 2026లో మిలానో-కోర్టినా ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది. అక్కడి పరుగు కొలిచిన దారిలో, కంచె లోపల జరిగేది. పైన చెప్పిన కొండలతో దానికి చుట్టరికం పరికరాల వరకే.